మా అత్తకు టీవీలో పెట్టిన శోకం

మా మేనత్తను కాకి తన్నింది. పెరట్లో వంగి చింతపండు ఆరబోస్తుంటే ఎక్కణ్ణుంచో వచ్చి, నడినెత్తిన రెండు కాళ్ళతో ఒక తాపు తన్ని, ఏమీ ఎరగనట్టు పోయి గోడ మీద కూర్చుంది. ఆ సంగతి ఆమె మొదట ఎవరికీ చెప్పలేదు. చెబితే సంతోషించే మనిషి ఇంట్లోనే ఉందని ఆమెకు తెలుసు.

ఆ మనిషి మా అమ్మ.

తమిళనాడు అంచున, హోసూరు బజారులో మాది చిల్లర అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, రెంటికీ మధ్య ఒక తలుపు. గల్లాపెట్టె ముందు నాన్న కూర్చునేవాడు. దాని తాళంచెవి మాత్రం అత్త నడుముకు వేలాడేది. భర్త పోయాక తమ్ముడి ఇంటికి వచ్చిన ఆడమనిషి ఆమె. వచ్చిన మర్నాటి నుంచి అది తమ్ముడి ఇల్లు కాకుండా పోయింది. పిల్లలు లేరు. ఆమె కడుపున పుట్టింది ఆ అంగడే అనుకుంటే సరిపోతుంది.

అమ్మా, అత్తా మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఒకే పొయ్యి, ఒకే రుబ్బురోలు, ఒకరి నీడ మీద ఒకరు కూర్చునేంత చిన్న వంటిల్లు. మాట మాత్రం నా మీదుగా పోవాలి.

"పాపా, మీ అత్తను అడుగు, రాగులు మిషనుకు పంపించాలనా అని."

అత్త మూరెడు దూరంలోనే ఉండేది. "పాపా, మీయమ్మకు చెప్పు. నిన్ననే పంపించినాను, కండ్లు లేవా అని."

నేను అటు తిరిగి, "పంపించేసినారంటమ్మా" అనేదాన్ని. కండ్ల సంగతి తరుగు కింద తీసేసేదాన్ని. రెండు వైపులా తరుగు తీసి, రెండు వైపులా బెల్లం ముక్క పుచ్చుకునే ఈ దళారీ పని నాకు బడికి పోకముందే అబ్బింది. తర్వాత నేను నేర్చుకున్న బేరమంతా దీని మీద వేసిన వడ్డీ మాత్రమే.

మాట ఎందుకు ఆగిపోయిందో కూడా చెప్పాలి. నాకు ఊహ తెలిసిన కొత్తలో ఒక తమ్ముడు పుట్టాడు. పాలు తాగే వయసులోనే జ్వరం తగిలి పోయాడు. ఆ రోజు సంత. పల్లెల నుంచి జనం బస్సులు దిగి అంగడి ముందు మూగి ఉన్నారు. అమ్మ నోరు తెరవబోయింది. అత్త మధ్య తలుపు మూసి లోపలికి వచ్చింది. తెలిసిన గిరాకీకి ధర చెప్పినంత మెల్లగా చెప్పింది.

"పాలు తాగే బిడ్డకు శోకం పెట్టరు. ఆచారం లేదు. ఏడుపు ఇనిపిస్తే జనం ఎదురంగడికి పోతారు. కొంగు నోట్లో పెట్టుకో."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న బిడ్డను తుండుగుడ్డలో చుట్టుకుని పెరటి దోవన వెళ్ళిపోయాడు. అత్త పోయి తక్కెడ ముందు కూర్చుంది. ఆ రోజు మా అంగడి తలుపు ఒక్క రెక్క కూడా వేయలేదు.

ఆచారం గురించి ఆమె చెప్పింది అబద్ధం కాదు. మాలో పెద్దవాళ్ళు పోతే ఆడవాళ్ళు శవం చుట్టూ కూర్చుని రాగం తీసి శోకాలు పెడతారు. మా పక్కింటి తమిళంవాళ్ళు దాన్నే ఒప్పారి అంటారు. పోయిన మనిషిని పేరు పెట్టి పిలిచి, ముందు పొగుడుతారు. పొగడ్త అయిపోయాక నిష్ఠూరాలు మొదలవుతాయి. ఆ నిష్ఠూరాలకు హద్దు లేదు, ఎంత మాటన్నా ఎవరూ అడ్డం రాకూడదు. బతికుండగా అత్తగారిని ఒక్క మాట అనలేని కోడలికి ఆ పూట ఊరంతా వినేలా అనే హక్కుంటుంది. పసిబిడ్డలకు అవేవీ ఉండవు. అందుకని ఆ రోజు అమ్మకు ఎదురు చెప్పడానికి మాట దొరకలేదు. దొరకని ఒక్క మాట కోసం ఆమె అత్తతో మొత్తం మాటలే మానేసింది.

అంతకుముందు అమ్మ శోకానికి పేరున్న మనిషి. చుట్టాల్లో ఎవరు పోయినా ఆమె కోసం మనిషిని పంపేవాళ్ళు. బిడ్డ పోయాక ఏ చావింటికి వెళ్ళినా పెదవి విప్పలేదు. గొంతు పోయిందని అందరూ అనుకున్నారు. పోలేదు. మంచి ధర కోసం చింతపండు కుండలో తొక్కి పెట్టినట్టు, ఆమె ఆ ఏడుపును తొక్కి పెట్టుకుంది. ఎవరి చావు కోసం పెట్టుకుందో నాకు తెలుసు. అత్తకూ తెలుసు.

సరిగ్గా కాకి తన్నిన ఆ వారంలోనే ఒక సినిమా డైరెక్టరు మా అంగడికి వచ్చాడు.

అవి తొంభైల చివరి రోజులు. నేను డిగ్రీ పూర్తి చేసి, మూకండపల్లి ఫ్యాక్టరీల్లో ఏదైనా ఆఫీసు ఉద్యోగం దొరికే దాకా అంటూ తక్కెడ ముందు కూర్చునేదాన్ని. అతను టార్చిలైటు సెల్లుల కోసం వచ్చాడు. సన్నటి గడ్డం, ఎన్నో జేబుల చొక్కా, పుస్తకంలో అచ్చయినట్టుండే తెలుగు. ఏ కంపెనీ తరఫునా కాదు, సొంతంగా తీస్తాడట. ప్రభుత్వ టీవీలో అరగంట చోటు దొరికిందట. మా సరిహద్దు ప్రాంతపు మనుషుల గురించి సినిమా. కృష్ణగిరి వైపు పొలాల్లో పాత యుద్ధాల్లో చచ్చిన వీరుల పేరున నిలిపిన రాళ్ళు తీశాడు, కంబళ్ళు నేసేవాళ్ళను తీశాడు. ఇక తెలుగువాళ్ళ శోకాలు ఒకటి మిగిలింది. దానికి ఎవరో ఒకరు పోవాలి.

బస్టాండు పక్క లాడ్జిలో దిగి, అతను రోజూ పొద్దున్నే అంగడికి వచ్చేవాడు.

"మీవాళ్ళలో ఎవరైనా..." అని ఆగేవాడు.

"ఎవురూ పోలేదు సార్."

"బాగా సీరియస్‌గా ఉన్నవాళ్ళు?"

"మత్తిగిరిలో ఒగ ముసలాయన ఉండాడు సార్. మొన్న దాకా బాగా దగ్గుతా ఉండె. ఇప్పుడు తేరుకున్నాడంట, ఇడ్లీ తింటా ఉండాడు."

"అయ్యో" అన్నాడతను. అని నాలుక కరుచుకున్నాడు.

ఆ నాలుక కరుచుకోవడం చూసి నాకు అతని మీద నమ్మకం కలిగింది. అవసరం మొహాన కనిపించే గిరాకీ కన్నా మంచి గిరాకీ లేదు. సరుకు మా ఇంట్లోనే ఉందని నాకు తట్టడానికి మరునాటి దాకా పట్టలేదు.

కాకి తన్నితే గండం అంటారు మా వైపు. దానికి విరుగుడు, తన్నించుకున్న మనిషి చచ్చిపోయినట్టు చుట్టాలకు దొంగ కబురు పంపడం. వాళ్ళు నిజమనుకుని ఏడిస్తే గండం తప్పి, ఆయుష్షు ఇంకా పెరుగుతుంది. వెనకటి రోజుల్లో ఒక మనిషిని పంపితే సరిపోయేది. వీధి వీధికీ టెలిఫోను బూతులు వచ్చాక ఆ విద్య చెడింది. సామల్పట్టిలోని మా చుట్టాలకు కబురు పోతే, ఏడ్చే ముందు వాళ్ళు ఫోను చేసి ఎట్ల, ఎప్పుడు అని అడుగుతారు. మా ఇంట్లో ఫోను ఎత్తేది అత్తే.

"అత్తా, కాకి తన్నిందంట గదా."

"ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదు. మొన్నట్నుంచి పొద్దూ మాపూ నెత్తి కడుగుతానే ఉండావు."

ఆమె చుట్టూ చూసింది. అమ్మ బావి దగ్గర ఉంది.

"ఈయప్ప టీవీకి తీస్తాడంట" అన్నాను. "నువ్వు సుమ్మనే కొంచేపు పండుకుంటే చాలు. చుట్టాలంతా వచ్చి శోకం పెడతారు. ఇంట్లో వాళ్ళు ఏడిస్తేనే ఆయుష్షు పెరిగితే, దేశమంతా చూస్తే ఎంత పెరగల్లో చూసుకో."

అత్త బేరం తెలిసిన మనిషి. సరుకు నచ్చినా మొహంలో చూపించదు. చింతగింజలు ఒక పక్కకు తోస్తూ, "మీయమ్మ ఏడుస్తాదా?" అంది.

"అడగాల."

"ఆయమ్మ ఏడవకుంటే నేను పండుకోను. ఊరోళ్ళు ఏడిస్తే ఏమి, ఏడవకుంటే ఏమి. ఇంట్లో ఉండేది ఏడవాల."

పాపం, మరదలి ఏడుపు కోసం ముసలిదానికి ఎంత ఆశ అనుకున్నాను. నా తెలివి అంతటిది.

అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను చెప్పిందంతా విని, చేట దించకుండానే, "చచ్చినాక ఏడుస్తానని చెప్పు. తొందరేమి" అంది.

"మా, ఆమె గట్టిది. నీకేమో బీపీ. నువ్వే ముందు పోతే?"

చేట ఆగింది. ఆ మాట ఆమెకు అంతకుముందు తట్టలేదని కాదు. ఎవరైనా పైకి అంటారేమోనని భయపడుతూ ఉండింది.

"టీవీలో నేను ఏం పాడితే అది వస్తాదా?"

"వస్తాది."

"నువ్వు చెప్పేది కాదు. ఆయప్ప చెప్పాల."

డైరెక్టరును పిలిపించాను. అమ్మ తలుపు వెనక నిలబడి అడిగింది. "నాయనా, నేను పెట్టేది నువ్వు మార్చవు గదా? ఇది బాగలేదు, అది బాగలేదు అని."

"ఒక్క అక్షరం మార్చమమ్మా. మీరు ఏది పాడితే అదే. డాక్యుమెంటరీ అంటేనే అది."

"ఊర్లో అందరికీ ఇనిపిస్తాదా?"

"ఊరేమిటమ్మా. దేశమంతా వింటుంది."

అమ్మ తలుపు వెనక నుంచి ఒక అడుగు ముందుకు వచ్చింది. తర్వాత నాతో, "సరే అని చెప్పు" అంది. అతను ఎదురుగానే ఉన్నా నా మీదుగానే చెప్పింది. అలవాటు.

అనుకున్న రోజున సామల్పట్టి చుట్టాలు కృష్ణగిరిలో బస్సు మారి వచ్చారు. ఉత్తుత్తి చావుకు ఒట్టి చేతులతో రావచ్చునా, పూలదండ తేవాలా అని తేల్చుకోలేక మామిడిపండ్ల బుట్ట తెచ్చారు. వచ్చిన వాళ్ళందరినీ అత్తే గుమ్మంలో నిలబడి పలకరించింది. "రండమ్మా. కాఫీ తాగండి. ఇంగ కొంచేపటికి పోతాను."

పీనుగును ఎట్లా పడుకోబెట్టాలన్న దాని మీద పెద్ద బేరం నడిచింది. తల దక్షిణానికి పెట్టడానికి ఒప్పుకుంది. నుదుట నాణెం పెట్టడానికి ఒప్పుకుంది. కాలి బొటనవేళ్ళు మాత్రం కట్టనివ్వనంది. "అది కట్టితే నిజంగానే పోతాను. దుప్పటి కప్పి కెమెరా ఈ పక్క పెట్టుకోమను."

"దవడ మాత్రం కట్టాలండీ" అన్నాడు డైరెక్టరు. "ముఖం మీద షాట్లు ఉంటాయి."

అత్త తల ఊపింది. గుడ్డ పీలిక తీసుకుని ముందుకు వచ్చింది అమ్మ. అత్త గడ్డం కింద నుంచి నడినెత్తి మీదకు చుట్టి, కాకి తన్నిన చోటనే ముడి వేసింది. ముడి వేశాక ఇంకొక్కసారి లాగింది. అత్త కళ్ళు తెరిచి ఆమెను చూసింది. అంత దగ్గరగా వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం నేను పుట్టాక చూడలేదు. అత్త కళ్ళు మూసుకుంది.

లైట్లు వెలిగాయి. సామల్పట్టి ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ముందు కొంత నవ్వారు, కొంత దగ్గారు. నాన్న అంగడిలోకి వెళ్ళిపోయాడు. ఆయనకు ఆ ఇంట్లో ఏ రభస జరిగినా గిరాకీ గుర్తుకొచ్చేది. డైరెక్టరు చెయ్యెత్తాడు. అమ్మ మొదలుపెట్టింది.

"వదినమ్మా నా వదినమ్మా,
వాకిట్లో దీపమైతివే వదినమ్మా,
దీపమారిన ఇంట్లో దోవ తెలీదే వదినమ్మా..."

గొంతు ఎక్కడికీ పోలేదు. ఎన్నో ఏళ్ళు మూతి కట్టిన కుండ అది. కెమెరా పట్టుకున్న అతను కూడా ఒక్కసారి తల పైకెత్తాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నటించడం మరిచిపోయి నిజంగా కళ్ళు తుడుచుకున్నారు. దీపం అయిపోయింది, చల్లటి నీడ అయిపోయింది, పొగడ్తలన్నీ మర్యాదగా వరస ప్రకారం అయిపోయాయి. అప్పుడు అమ్మ ముందుకు జరిగి, అత్త తలకు ఇటొక చెయ్యి అటొక చెయ్యి ఆనించి, ఆమె మొహంలోకి వంగింది.

"తక్కెట్లో రాయైతివే వదినమ్మా,
సంత నాడు నా బిడ్డ సల్లబడె వదినమ్మా,
తలుపేసి వస్తివే, తగ్గి మాట్లాడితివే,
కొంగు కుక్కుకోమంటివే, గిరాకి పోతాదంటివే,
కుక్కిన కొంగు ఈ పొద్దు తీసినాను వదినమ్మా,
లేసి వచ్చి మూయవే, నోరుంటే చెప్పవే..."

చుట్టాల ఏడుపు ఆగిపోయింది. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ ఆగలేదు. బిడ్డ కాళ్ళు ఎట్లా ఉండేవో పాడింది. జ్వరంలో వాడు ఎవరి వైపు చూశాడో పాడింది. తుండుగుడ్డ ఏ రంగో పాడింది. నాకు తమ్ముడి మొహం గుర్తు లేదు. ఆ రోజు ఆ పాటలోనే వాణ్ణి మొదటిసారి చూశాను. వాడు పోయిన పూట అంగడిలో ఏమేం సరుకు అమ్ముడుపోయిందో కూడా పాడింది. రాగులు, ఉప్పు, లాంతరు గాజులు, సబ్బులు. మూసిన తలుపు వెనక నుంచి అన్నీ విన్నట్టుంది.

అత్త దవడ కట్టి ఉంది. గొంతు మీద ఒక నరం పైకీ కిందికీ కొట్టుకోవడం నేను చూశాను. నుదుటి మీది నాణెం జారి దిండు పక్కన పడింది. ఆమె కదల్లేదు. కదిలితే ఆయుష్షు పోతుందనుకుందో, కదిలితే ఓడిపోయినట్టని అనుకుందో.

డైరెక్టరు మొహం వెలిగిపోతోంది. అయిపోయాక చాలా మర్యాదగా, "అద్భుతం అమ్మా. కాయిన్ పడిపోయింది కదా, పెద్దావిడ మొహం మీద ఒక్క షాట్ మళ్ళీ తీసుకుంటాం" అన్నాడు. నాణెం మళ్ళీ పెట్టారు. అత్త మళ్ళీ చచ్చింది.

తర్వాత ఆమె లేచి కూర్చుని, దవడ గుడ్డ తనే విప్పుకుని, దవడ అటూ ఇటూ కదిలించి చూసుకుంది. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.

"పాపా, మీయమ్మను కాఫీ పెట్టమను" అంది. "బాగనే పెట్టింది శోకం. దాచిపెట్టిందాంట్లో ఇంగేమన్నా మిగిలిందేమో అడుగు."

నేను అడగలేదు. ఆ తరుగు తీయడం కూడా నాకు చేతకాలేదు. అమ్మ అప్పటికే వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టింది.

ఆ తర్వాత నెలల తరబడి అమ్మ వేరే మనిషిలా ఉంది. అన్నం నిండా తినేది. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు అడిగితే, "టీవీలో వస్తాది. అప్పుడు ఇనండి" అనేది. ఏం పాడిందో చెప్పేది కాదు. సామల్పట్టి చుట్టాలు కూడా మర్యాదకు పోయి ఎక్కడా నోరు విప్పలేదు. వీధి మొత్తం ఒక్కసారిగా వినాలని ఆమె కోరిక. అంగడి తెరిచి ఉన్న ఆ సంత రోజు ఎంతమంది వినకుండా పోయారో, అంతమందీ వినాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది ఆ కార్యక్రమం. మా టీవీ ముందు వీధిలోని ఆడవాళ్ళంతా చాప మీద కూర్చున్నారు. అత్త కుర్చీలో. అమ్మ గోడకు ఆనుకుని, తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని. తమిళంలో ఒక పెద్దమనిషి గొంతు మా ప్రాంతం గురించి ఎంతో గౌరవంగా చెబుతోంది. రాళ్ళు వచ్చాయి. రాగి చేలు వచ్చాయి. కంబళ్ళు నేసే వాళ్ళ వేళ్ళు వచ్చాయి. తర్వాత మా ఇల్లు.

"వాకిట్లో దీపమైతివే వదినమ్మా" అంది అమ్మ టీవీలో. గోడకు ఆనుకున్న అమ్మ చాప మీది వాళ్ళ వైపు చూసింది. దీపమారిన ఇల్లు వచ్చింది. అమ్మ ముందుకు వంగడం వచ్చింది. అత్త మొహం మీదకు ఆమె మొహం వచ్చింది. నోరు తెరుచుకుంది.

అప్పుడు వేణువు మొదలైంది.

అమ్మ నోరు కదులుతూనే ఉంది. చెంపల మీద నీళ్ళు కారుతూనే ఉన్నాయి. మాట ఒక్కటీ వినపడలేదు. తీయటి వేణువు, దాని మీద ఆ పెద్దమనిషి గొంతు. ఈ మట్టిలో వదినా మరదళ్ళు ఒకరి కోసం ఒకరు ప్రాణమిస్తారట. ఒక ఇంట్లో కలిసి ముసలివాళ్ళయ్యే ఆ బంధం నగరాల్లో ఇక కనిపించదట. నాణెం పెట్టిన అత్త మొహం కొంతసేపు చూపించి, మళ్ళీ రాగి చేలలోకి వెళ్ళిపోయారు.

చాప మీది ఆడవాళ్ళు ముక్కులు చీదారు. ఒకామె అమ్మ చెయ్యి పట్టుకుని, "ఎంత ప్రేమమ్మా మీకు. మా వదిన పోతే నేను నవ్వుతానేమో" అంది.

అత్త కుర్చీలోంచి ఇటు తిరిగింది. "చూసినావా పాపా. మీయమ్మకు నేనంటే ఎంత ప్రాణమో."

అత్త చెవిన పడకుండా నేను టెలిఫోను బూతుకు వెళ్ళి డైరెక్టరుకు ఫోను చేశాను. జీవితంలో ఎన్నో బేరాలు ఆడాను కానీ, ఒక్క మాట కూడా పెంచకుండా, తగ్గించకుండా నన్ను ఓడించింది అతనే.

"ఒగ అక్షరం మార్చనన్నారు గదా సార్."

"మార్చలేదండీ. మ్యూజిక్ వేశాం అంతే. అది మరీ పర్సనల్‌గా ఉంది కదా. ఒక సమాజం గురించి సినిమాలో ఒక ఇంటి గొడవ పెడితే చూసేవాళ్ళకు అర్థం కాదు. మీ కుటుంబానికి కూడా బాగుండదని ఆలోచించాను. నిజానికి మీరు నాకు థాంక్స్ చెప్పాలి."

"సరే సార్. ఆ టేపన్నా ఇయ్యండి. తీసినదంతా. మేం ఇంట్లో ఇనుకుంటాం."

"అయ్యో, ఆ టేపులు మళ్ళీ వాడేస్తామండీ. కొత్త టేపులు కొనడం మావల్ల కాదు. దాని మీద ఏనుగులు తీసేశాం."

అది అబద్ధం కాదు. కొన్నాళ్ళకు తళి అడవుల నుంచి దిగి రాగి చేలు మేసే ఏనుగుల మీద అతని సినిమా అదే టీవీలో వచ్చింది. చాలా బాగుంది. అమ్మ మొదటి నుంచి చివరి దాకా కదలకుండా చూసింది. ఒక పెద్ద ఏనుగు తొండంతో కంకులు పీక్కుని నోట్లో పెట్టుకుంటుంటే, "ఈ చేను కింద ఉండానన్నమాట నేను" అంది. అని లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

డైరెక్టరు మంచివాడు. మా సినిమా క్యాసెట్టు ఒకటి, ధన్యవాదాలతో, పోస్టులో పంపాడు. అది నా పేరున వచ్చింది కానీ అత్త చేతికి చిక్కింది. గల్లాపెట్టె తాళంచెవి ఇచ్చి నాన్న చేత ఆమె కొనిపించిన ఒకే ఒక్క విలాస వస్తువు ఆ క్యాసెట్టు వేసే మిషను. ఇంటికి ఎవరొచ్చినా వేయించేది. పెండ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చిన వాళ్ళకు, గ్యాసు సిలిండరు గురించి మాట్లాడడానికి వచ్చిన వాళ్ళకు, నన్ను చూడడానికి వచ్చిన పెండ్లివారికి.

"కూర్చోండప్పా. మా మరదలు నాకోసం ఎట్ల ఏడిచిందో చూడండి. పాపా, మీయమ్మను కాఫీ తెమ్మను."

అమ్మ కాఫీ తెచ్చేది. వేణువు దగ్గరికి వచ్చేసరికి గ్లాసులు పంచుతూ ఉండేది. వచ్చినవాళ్ళు టీవీలో మనిషినీ, పళ్ళెం పట్టుకున్న మనిషినీ మార్చి మార్చి చూసి, "ఎంత అదృష్టమమ్మా" అనేవాళ్ళు. ఆ అదృష్టం ఎవరిదో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు.

బేరం నేను కుదిర్చానని అప్పటి దాకా అనుకుంటూ వచ్చాను. ఒక రోజు అత్త, ఎవరూ లేనప్పుడు, క్యాసెట్టు తుడిచి అట్టపెట్టెలో పెడుతూ తనంత తాను అంది. "నేను పోయేటప్పుడు పెట్టాలని దాచిపెట్టుకున్నింది. ఉన్నప్పుడే పెట్టించేసినాను. ఇంగ నాకు భయం లేదు." ఇంట్లో వాళ్ళే ఏడవాలని ఆమె ఎందుకు పట్టుబట్టిందో, దవడ కట్టడానికి ఎందుకు ఒప్పుకుందో అప్పుడు అర్థమైంది. పాత సరుకు పేరుకుపోయి కుళ్ళక ముందే అమ్మించేసింది. నేను అందులో మోత కూలీని.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ ఏడుపు పనిచేసింది. కాకి గండం తప్పింది. అమ్మ కడుపు చించుకుని పెట్టిన శోకానికి అత్త ఆయుష్షు పెరిగింది. వీధిలో ఆమె ఈడు వాళ్ళంతా ఒకరొకరే పోయారు. నాన్న పోయాడు. నా పెండ్లి అయింది, నేను మూకండపల్లిలో కాపురం పెట్టాను. హోసూరులో వంతెనలు లేచాయి, మా వీధిలోనే నిలువెత్తు అద్దాల అంగళ్ళు వెలిశాయి. అత్త చింతపండు ఆరబోస్తూనే ఉంది. నడుముకు తాళంచెవి వేలాడుతూనే ఉంది. అమ్మ జుట్టు ఆమె కన్నా ముందు తెల్లబడింది.

ఒక ఉదయం పక్కింటావిడ ఫోను చేసింది. నేను మొదట నమ్మలేదు, మళ్ళీ కాకి తన్నిందేమో అనుకున్నాను. వెళ్ళేసరికి అత్త అదే చోట, తల దక్షిణానికి పెట్టుకుని పడుకుని ఉంది. ఈసారి బొటనవేళ్ళు కూడా కట్టారు. దవడ ఎవరు కట్టారో గానీ ముడి వదులుగా ఉంది.

సామల్పట్టి చుట్టాలు మధ్యాహ్నానికి దిగారు. చుట్టూ కూర్చుని అమ్మ కోసం చూశారు. ఆమె మొదలుపెట్టకుండా వేరేవాళ్ళు మొదలుపెట్టడం మర్యాద కాదు.

"రామ్మా. పెట్టు" అంది వాళ్ళలో పెద్దామె. "ఆ పొద్దు టీవీలో అంత ఏడిస్తివి గదా."

అమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. అత్త మొహం వైపు చూసింది. ఒకసారి నోరు తెరిచింది కూడా. అందులోంచి ఏమీ రాలేదు. ఉంటేనే కదా.

"ఒగసారి పెట్టేసినాను" అంది. "ఇంగ లేదు."

వంగి, అత్త నడుము దగ్గర చీర కుచ్చిళ్ళు పక్కకు తీసి, తాళంచెవి విప్పుకుంది. మధ్య తలుపు తీసుకుని అంగడిలోకి వెళ్ళింది. ముందరి తలుపు రెక్కలు ఒకటొకటే తీస్తున్న చప్పుడు లోపలికి వినిపించింది. చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను కూడా లేచి, మధ్య తలుపు మూసి, ఆమె వెనక వెళ్ళాను. నాకు తెలిసిన పని అదొక్కటే.

తక్కెడ ముందు అమ్మ, పక్కన నేను. కాసేపటికి గిరాకీ రానే వచ్చింది. ఎదురింటాయన, "మీ వదిన పోయిందంట గదమ్మా" అన్నాడు.

"అవునప్పా. ఏం గావాల?"

ఆయన తడబడి సబ్బు అడిగాడు. తర్వాత వచ్చింది సామల్పట్టి పెద్దామె కొడుకు. చావు సామాను కావాలి. పసుపు, కర్పూరం, ఊదుకడ్డీలు, మరమరాలు.

"ఎదురంగడికి పోయేవాణ్ణి" అన్నాడు నా వైపు చూస్తూ, బేరం మొదలుపెట్టే గొంతుతో. "మనదే గదా అని వచ్చినాను. ఇంటి మనిషి సామాను గదా అక్కా, చూసి చెప్పు."

నేను అలవాటు కొద్దీ తగ్గించబోయాను. అమ్మ నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"అందరికీ ఒగటే ధర" అంది అతనితో. మధ్యలో నేను ఉన్నా, సూటిగా అతనితోనే అంది.

లోపల ఏడ్చేవాళ్ళు ఎవరూ లేకపోవడం బాగుండదని ఎవరికి తట్టిందో, ఆ క్యాసెట్టు వేశారు. మూసిన తలుపు వెనక నుంచి అమ్మ గొంతు వచ్చింది, ఆనాటి గొంతు. వదినమ్మా నా వదినమ్మా, వాకిట్లో దీపమైతివే. అంగడి ముందున్న వాళ్ళు ఆ గొంతు వైపు చెవి పెట్టారు. అమ్మ కర్పూరం బిళ్ళలు తక్కెట్లో వేసి, ముల్లు నిలబడే దాకా చూసింది. దీపమారిన ఇల్లు వచ్చింది. ఆమె ఇంకొక్క బిళ్ళ వేసి, మళ్ళీ తీసేసింది.

వేణువు మొదలైంది. అమ్మ పొట్లం కట్టి దారం తెంపింది.

"ఇంగేమి గావాలప్పా?" అంది, ఆ వేణువు కన్నా గట్టిగా.